సాక్షికి శుభాకాంక్షలు

ఒక్కరికే చెప్పిన రహస్యాన్ని దాచినట్టా, బయటపెట్టినట్టా?

శనివారం ఉదయం ఆరు గంటలకు, అమీర్‌పేటలో మా గల్లీ మలుపున పన్నెండడుగుల ఫ్లెక్సీ కింద నిలబడి నన్ను నేను అడిగిన ప్రశ్న ఇది. సమాధానం రెండు కరెంటు స్తంభాల మధ్య, నాలుగు రంగుల్లో వేలాడుతోంది.

ఫ్లెక్సీలోని యువకుడి పేరు ఇక్కడ రాయను. దేశం పేరూ రాయను. ఆలస్యంగానైనా ఆ మాత్రం బుద్ధి తెచ్చుకున్నాను. గల్లీ అతన్ని డేవిడ్ భాయ్ అంటుంది. అది అతని పేరు కాదు. రెండేళ్లుగా బుచ్చమ్మ హాస్టల్లో ఉంటూ జావా నేర్చుకుంటున్నాడు. పదేళ్ల వయసులో, సైనికులు తన ఊరిని తగలబెడుతుంటే మొక్కజొన్న చేలో దాక్కుని చూశాడు. ఆ దళనాయకుడిపై ఇప్పుడు ఒక అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో విచారణ జరుగుతోంది. సోమవారం బేగంపేటలోని ఒక హోటల్ గదిలోంచి, వీడియో ద్వారా డేవిడ్ సాక్ష్యం చెప్పాలి. అతని తల్లి, చెల్లెలు ఇంకా ఆ దేశంలోనే ఉన్నారు. కనుక సాక్షి ఎవరో బయటికి పొక్కకూడదు.

హాస్టల్ మేడ మీది గదిలో నేనుంటాను. పంజాగుట్టలోని ఒక కళాశాలలో ముప్పై ఏళ్లు తత్వశాస్త్రం బోధించాను. సోమవారం తోడుగా కూర్చోమని డేవిడ్ నన్ను అడిగాడు. అందుకు నేను సంతకం చేయవలసిన పత్రానికి జిరాక్స్ కోసం హనుమాండ్లు దుకాణానికి వెళ్లాను. "ఏం కాయితం సార్?" అన్నాడతను. ఏదో ఒకటిలే అని ఉండవచ్చు. కానీ ఉద్యోగ విరమణ తరువాత నా మాట చివరిదాకా విన్నవారు లేరు. హనుమాండ్లు విన్నాడు. అరగంట చెప్పాను.

ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాడు. నోటితో చెప్పనూ లేదు.

మా గల్లీలో బ్యాంకు ఉద్యోగం వచ్చినా, మాల వేసుకున్నా, కుక్కపిల్లకు ఏడాది నిండినా ఫ్లెక్సీ కడతారు. కట్టకపోవడమే అవమానం. హనుమాండ్లు గల్లీ సంఘానికి అధ్యక్షుడు. జిరాక్స్ మిషను పక్కనే అతనికి ఫ్లెక్సీ మిషను కూడా ఉంది. దుకాణంలో మిగిలిన డేవిడ్ పాస్‌పోర్టు ఫోటోకు నీలం కోటు తొడిగాడు. పక్కన తాను చేతులు జోడించి నిలబడ్డాడు. 'ప్రపంచ కోర్టులో సాక్ష్యం చెప్పబోతున్న మన డేవిడ్ భాయ్‌కి శుభాకాంక్షలు.'

నన్ను చూసి నిచ్చెన దిగాడు. "ఎట్లుంది సార్?"

"ఏంటయ్యా ఇది? రహస్యమని చెప్పానా లేదా?"

"చెప్పిండ్రు. గని గీ మాట సుత మీరే చెప్పిండ్రు. సాక్షి ఒంటరి గావద్దు, ఊరు ఆయన ఎన్కల నిలబడాలె, న్యాయం ఆడ పుడ్తదని. నిలబడ్డ సార్. ఫోటోల చూడుండ్రి."

చెప్పాను. చాలా బాగా చెప్పానని ఆ రోజు అనుకున్నాను కూడా.

ఆ న్యాయస్థానం తరఫున వచ్చి బేగంపేటలో దిగిన విచారణాధికారిణికి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎందరు చూశారని అడిగింది. ఇద్దరమన్నాను. ఒక్క ఫోటో బయటికి వెళ్లినా సాక్షిని విచారణలోంచి తప్పించవలసి వస్తుందని చెప్పి పెట్టేసింది. కోచింగ్ సెంటర్ల మొదటి బ్యాచ్ ఏడింటికి. అప్పుడు వందలమంది ఈ మలుపులోంచే నడుస్తారు, ప్రతి చేతిలో ఫోనుతో.

"విప్పెయ్," అన్నాను.

"విప్పుత సార్. గని రాత్రి గ్రూపుల పెట్టిన. పొద్దుగాల ఏడింటికి పెద్ద ముచ్చట ఉంది, అందరు మలుపుకాడికి రాండ్రి అని."

"పేరు పెట్టావా?"

"పేరెట్ల పెడ్త సార్? రహస్యం గదా."

అప్పటికి బుచ్చమ్మ గేటు తీసుకుని వచ్చింది. పైకి చూసింది, నన్ను చూసింది, అతన్ని చూసింది. "సదువు చెప్పేటోడు ఒకడు, అచ్చుగొట్టేటోడు ఒకడు. నడుమ నా పిలగాన్ని ఆగం జేస్తిరి." లోపలికి వెళ్లి హాస్టల్ దుప్పటి తెచ్చి, హనుమాండ్లు చేత ఫ్లెక్సీ మీద కప్పించింది. దానితో పని ఇంకా చెడింది. పాల ప్యాకెట్లతో వెళ్తున్న వజ్రమ్మ ఆగి, ఏ లీడరొచ్చి విప్పుతాడని అడిగి, గట్టు మీద స్థిమితంగా కూర్చుంది.

డేవిడ్ పళ్లు తోముకుంటూ వచ్చాడు. దుప్పటి అంచు కొంచెం ఎత్తి చూశాడు. రెండేళ్లలో అతనికి మా గల్లీ తెలుగు బాగానే పట్టుబడింది.

"కోటు మస్తుంది," అన్నాడు.

"తప్పు నాది," అన్నాను.

"ఎరుకే సార్. కాయితం ఇంగ్లిష్‌ల ఉండె, హనుమాండ్లన్నకు ఇంగ్లిష్ రాదు గదా." బ్రష్షు నోట్లోంచి తీశాడు. "మా ఊర్ల నా పక్కన ఎవ్వలు నిలబడలే. ఈడ జర ఎక్కువ నిలబడ్డరు."

"సోమవారం వెళ్తావా?"

"పోవాలె సార్. మా అమ్మ పైలంగ ఉండాలె, నేను చెప్పాలె. రెండు గావాలె. గిది గాయబ్ చెయ్యుండ్రి."

హనుమాండ్లు తల గోక్కున్నాడు. "జనం వచ్చినంక ఉత్త స్తంభాలు చూపిస్తే నన్ను నమిలేస్తరు. అడుగుతే నేను ఆగలేను. ఎవలిదన్న పుట్టినరోజు గావాలె. లిస్టు చూసిన, గల్లీల ఇయ్యాల ఎవలిదీ లేదు." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "సార్, మీది ఎప్పుడు?"

"మార్చిలో."

ఇది నవంబరు. ముగ్గురూ నావైపే చూశారు.

నేను అబద్ధమాడను. ఒక్క మార్కు కోసం కాళ్లు పట్టుకున్న విద్యార్థికి కూడా లేనిది ఉన్నట్టు రాసివ్వలేదు. పైగా, గల్లీల్లో ఫ్లెక్సీలు నిషేధించాలని మున్సిపాలిటీకి రెండు ఉత్తరాలు రాసినవాణ్ణి. ఆ రెండూ జిరాక్స్ తీసింది హనుమాండ్లే. అయితే ఆ నిజాయితీకి ఇన్నాళ్లూ నేను చెల్లించిన మూల్యం ఏమిటని వెతికితే ఏదీ కనిపించలేదు. మేడ మీద కూర్చుని నిజం చెప్పడం సులువు. డేవిడ్‌కు సులువు కాదు.

గట్టు మీద వజ్రమ్మ పక్కన మరో ఇద్దరు కూర్చున్నారు. ఆరున్నర కావస్తోంది.

"నల్ల కళ్లద్దాలు పెట్టు," అన్నాను.

"కిరీటం సుత పెడ్త సార్."

పర్సులోంచి పెన్షన్ కార్డు తీసి, ఫోటో అందులోంచి తీసుకోమని అతని చేతిలో పెట్టాను. అతను మిషను దగ్గరికి పరుగెత్తాడు. బుచ్చమ్మ నిచ్చెన పట్టుకుంది. నేను చెప్పులు విడిచి పైకెక్కి, దుప్పటి చాటున చెయ్యి పెట్టి, మొదటి ముడి విప్పాను.