నేల మీద సరిచూసిన పడవ

"బోరు ఇంజను మార్చాల, రాప్పా" అని భీమరావు ఫోనులో చెప్పినట్టే వినిపించింది చిన్నప్పకు. చైను పుల్లీ, పానాల మూట ఆటోలో వేసుకుని మదనపల్లె నుంచి పుంగనూరు దాటి చెరువుకట్ట మీద దిగితే, అక్కడ బోరూ లేదు, బావీ లేదు. దుంగల మధ్య నిలబెట్టిన తెరచాప పడవ ఉంది.

"బోటప్పా, బోటు! సముద్రంలో తిరిగిన సరుకు. మా రిసార్టుకని మద్రాసులో కొన్నా. పాత ఇంజను పట్టేసింది, కొత్తది వచ్చుండాది. ఎక్కించు" అన్నాడు భీమరావు.

ముప్పై ఏళ్లుగా బోరు ఇంజన్లు బాగుచేసిన చిన్నప్పకు నీళ్లు పైకి తేవడం తెలుసుగానీ, నీళ్లపైకి పోవడం తెలియదు. తెలియదని చెప్పాల్సింది. రెండు నెలలుగా పని లేని నోరు, "ఏ ఇంజనైనా ఇంజనే గదా సార్" అనేసింది.

నాలుగు రోజులు పట్టింది. పడవ కింద మునిరత్నమ్మ రోజుకు నాలుగు వందల కూలికి పాత రంగు గీకేది. ఆమె మొగుడు అదే చెరువులో ఇంజను పడవ మీద చేపలు పట్టేవాడు; కాయిలా పడి, ఆ జబ్బుతోనే చనిపోయాడు. ఇంజనూ, పడవను నెట్టే ఫ్యాను రాడ్డూ ఒకే వరసలో ఉన్నాయా అని చిన్నప్ప సన్నరేకు పెట్టి వాటి మధ్య సందు చూస్తుంటే ఆమె తల పైకెత్తింది.

"అప్పా, నీళ్లల్లో కూకుంటే పడవ ఒళ్లు సర్దుకుంటాది. ఈడ సరిసూసినా, ఆడ మళ్లా సూడాల. మా ఆయన అట్లే సేస్తాండె."

"నువ్వు పడవ అడుగు గీకు తల్లీ. నాకు అడుగడుక్కీ సెప్పబాకు."

శుక్రవారం కుప్పం నుంచి భీమరావు చుట్టాలు కార్లలో దిగారు. పూలు, గుమ్మడికాయ, పట్టుచీరలు. భీమరావు భార్య భారతి ముత్తైదువగా మొదటి అడుగు పెట్టాలి. క్రేను పడవను నీళ్లలోకి దించింది. రాడ్డు దగ్గర నీళ్లు కారుతున్నాయేమో లోపలికి పోయి చూడాలి. చిన్నప్పకు ఈత రాదు, ఒడ్డు మీదే ఆగాడు.

"మునిరత్నమ్మా, పూజకు ముందే బిన్నా పోయి సూసిరా."

"నేను ముందెక్కగూడదు గదప్పా."

"ఎవురూ సూడరులే, పో."

ఆమె పోయి చూసి వచ్చింది. "సుక్క సుక్క కారతాండాది. అంతే ఉండాలప్పా."

పూజ అయింది, భారతి ఎక్కింది. పడవ పది బారలు పోయిందో లేదో చలిజ్వరం వచ్చినట్టు వణికింది. రాడ్డు దగ్గర నీళ్లు ధారకట్టాయి. తాడు వేసి ఒడ్డుకు లాక్కొచ్చేసరికి భారతి పట్టుచీర మోకాళ్లదాకా తడిసింది.

"యాల తడవదు?" అంది చుట్టాల్లో ఒక పెద్దామె. "బొట్టు లేని కాలు బోటులో పడె. నా కండ్లారా సూసినా."

పడవ ఎక్కడానికి ఒడ్డు నుంచి వేసిన చెక్క మీద అడ్డంగా ఒక కాలు పెట్టి నిలబడ్డాడు భీమరావు. "రేపట్నుంచి ఈ కట్ట తొక్కబాక, మునిరత్నమ్మా. సిన్నప్పా, నీ తప్పేం లేదులే."

ఆమె గీకుడురేకు కొంగున చుట్టుకుంది. చిన్నప్ప వైపు చూడలేదు. ఆమె ఒక్కసారి తిట్టినా బాగుండేది. భీమరావు అన్న ఆ 'తప్పేం లేదు' చిన్నప్పకు చేపముల్లులా గుచ్చుకుంది. నలుగురిలో ఒంటిమీద గుడ్డ జారినట్టుంది.

"సార్... ఆయమ్మ కాలు కాదు. నా సెయ్యి."

అందరూ తిరిగారు.

"ఎక్కమనింది నేనే. నీళ్లంటే నాకు బయం. నీళ్లల్లో మళ్లా సరిసూడమని ఆయమ్మ సెప్పినా నేను ఇనలా. నేను బోరు మెకానిక్కును సార్. మీరు బోటంటే బోరని ఇని వచ్చినా. తెలీదని సెప్పేదానికి సిగ్గుపడినా."

ఎవరో కిసుక్కున నవ్వి ఆగిపోయారు.

"ఇప్పుడు మళ్లా సరిసూస్తా. ఆయమ్మ పక్కన లేకుంటే పానా ముట్టను."

మునిరత్నమ్మ కదల్లేదు. "అప్పుడు ఎవురూ సూడరని ఎక్కమంటివి. ఇప్పుడు అందురూ సూస్తాండారు. ఇప్పుడు సెప్పప్పా."

"ఎక్కు తల్లీ" అన్నాడు చిన్నప్ప, కట్ట చివరిదాకా వినిపించేలా.

ఆమె చెక్క దగ్గరికి నడిచింది. భీమరావు కాలు ఇంకా దాని మీదే ఉంది.