జాలి కుర్చీ

కోర్టుకెక్కేది నరెల్. ఇస్త్రీ అవుతున్నది మాత్రం మొగుడు గార్త్ చొక్కా. ముద్దాయి తనే అయినా ఆయన కాలరు నలగకూడదు కదా!

నరాల జబ్బుతో కాళ్లు కొయ్యబారినప్పుడు కూడా ఈ ఇంట్లో ఇస్త్రీ ఆగలేదు. ఆస్పత్రి మాత్రలతో మగత వచ్చిందే తప్ప నడక రాలేదు. చివరికి కోళ్లగూటి వెనక తనే గంజాయి మొక్కలు పెంచి, పూమొగ్గలు ఎండబెట్టి, కొబ్బరినూనెలో సన్నసెగ మీద కాచుకుంది. ఆ చుక్కలే ఆమెని లేపి నిలబెట్టాయి. డాక్టరు చీటీ మీద ఆ మందు దొరికే రోజులు ఆస్ట్రేలియాకి అప్పటికింకా రాలేదు. తనలాంటి రోగుల్ని కూడగట్టి, మా మందు మాకివ్వండని సభల్లో గొంతెత్తింది. పోలీసులొచ్చి మొక్కలు పీకి కేసు పెట్టారు.

కయోగల్ చిన్న ఊరు. మహిళా సంఘం తేనీటి విందుకి ఎవరి పళ్లెం వాళ్లు తేవడం ఆనవాయితీ. ఆ నెల నరెల్ చేసిన లామింగ్టన్ కేకుల్ని ఒక్కరూ ముట్టుకోలేదు.

"తినండర్రా, మత్తెక్కితే మా కోడలే ఇళ్లకి దిగబెడుతుంది!" అని అత్త బెరిల్ అందరినీ నవ్వించింది. ఆ బెరిల్ మోకాళ్లకి రోజూ ఆ నూనె రాసేది నరెలే. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

ఇవాళ ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ గార్త్ మొదలెట్టాడు.

"చక్రాల కుర్చీలో రా. లాయరూ అదే అంటున్నాడు. తప్పయిందని ఒప్పుకుని రెండు కన్నీళ్లు రాల్చు, జాలిపడి వదిలేస్తారు. లేదంటే జైలే."

"నేను నడుస్తున్నాను కదా?"

"అదే వద్దంటున్నా. ఈ ఒక్కపూటా రోగిలా ఉండవే!"

ఒంట్లో బాగాలేక నిజంగా పడిపోయినప్పుడు, కాస్త ఓపిక చేసుకుని లేచి వంట చూడమన్న నోరే ఇది. ఈ ఇంట్లో రోగిగా ఉండే తీరిక ఆమెకెప్పుడు దొరికింది గనక? ఇవాళ తప్పు ఒప్పుకుంటే తను బయటపడుతుంది. ఆమెని నమ్ముకున్న వాళ్లంతా రేపు అదే తప్పుకి బోనెక్కాలి.

కోర్టు ముందు గార్త్ కారులోంచి కుర్చీ దింపి విప్పాడు.

"నువ్వు కూర్చో, అలిసిపోయావు" అని నరెల్ మెట్లెక్కింది. మొదటి మెట్టు మీద మోకాలు వణికింది. రెండోదాని మీద వణకలేదు. తన కాళ్లని చూసుకుని ఆమెకి ఎంత గర్వమేసిందో!

మేజిస్ట్రేటు కాగితాలు చూసి మెత్తగా అన్నాడు: "జబ్బు మనిషివి, కూర్చోమ్మా. నేరం ఒప్పుకుంటున్నావా?"

"లేదండీ. నేను నేరం చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో నిలబడే చెప్తాను. ఎంతసేపైనా నిలబడగలను."