దొంగ కిటికీ చెప్పుకున్న తప్పు

నేను ఒక కిటికీని. ఇదిగో, మొదటి మాటే అబద్ధం! నాకు రెక్క లేదు, ఊచ లేదు, అద్దమూ లేదు. సముద్రపు ఒడ్డునున్న ఈ పాత టౌన్‌హాలు గోడమీద పూసిన రంగుని, అంతే.

ఇంగ్లాండులో తన సొంత ఊరి టౌన్‌హాలంటే మా ఇంజనీరు దొరకు ప్రాణం. దాని ప్లాను తెప్పించి ఇక్కడ అచ్చం అలాగే కట్టించాడు. ఎర్ర ఇటుక, కమాను గుమ్మం, నడుమ గడియారం బురుజు, దానికి అటు అయిదు కిటికీలు, ఇటు అయిదు. తీరా చూస్తే కుడిపక్క చివరిది రికార్డు గది. ఉప్పుగాలికి కాగితాలు పాడవుతాయని ఆ గోడ నిండుగా కట్టేశారు. అటు అయిదు, ఇటు నాలుగు! దొరగారికి అన్నం సయించలేదు. రంగులు వేసే పైడయ్యను పిలిపించాడు. పైడయ్య వారంరోజులు నిచ్చెనమీద నిలబడి ఆకుపచ్చ రెక్కలు, తళతళలాడే అద్దాలు, వాటి నీడతో సహా నన్ను గీశాడు. పిచ్చుకలు కూడా మోసపోయి ముక్కులు కొట్టుకునేవి. నేను మురిసిపోయాను, సిగ్గులేనిదాన్ని.

గోడ అవతల, ఆ గోడంతా కప్పేసిన రికార్డు బీరువాల ముందు, నకళ్ళు రాసే గుమాస్తా భావనారాయణ కూర్చునేవాడు. పట్టపగలే బుడ్డిదీపం పెట్టుకుని రాసేవాడు. ఆరేళ్ళకు అక్షరాలు అలుక్కుపోసాగాయి. కళ్ళు పోతే ఉద్యోగం పోతుంది. గోడకు కిటికీ కొట్టించమని అర్జీ పెట్టుకున్నాడు.

మునిసిపల్ చైర్మన్ గారు వీధిలో గొడుగు కింద నిలబడి, చేతికర్రతో చూపిస్తూ మమ్మల్ని లెక్కపెట్టారు. లోపలికెళ్ళి, "కిటికీ ఉంది గదయ్యా!" అన్నారు.

"లేదు బాబుగారూ. ఒక్కసారి గదిలోకి దయచేయండి."

ఆయన గుమ్మంలోంచి తొంగిచూశారు. "అమ్మో, చీకటి! ఎక్కడ పడతానో ఏమో," అని వెనక్కి తిరిగారు. అర్జీమీద "కిటికీ ఉన్నది" అని రాసేశారు.

మరి భావనారాయణ ముందువైపు వచ్చి చూడొచ్చుగా అంటారేమో. గుమాస్తాలు పెరటి గుమ్మంలోంచే రావాలి, పోవాలి. అదీ మా టౌన్‌హాలు మర్యాద.

ఇంకో రెండేళ్ళకు ఆయన చూపు పూర్తిగా పోయింది. ఉద్యోగమూ పోయింది. ఆ రోజు మధ్యాహ్నం ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన భార్య సీతాయమ్మకు ఈ పద్ధతులేం తెలుసు? చెయ్యిపట్టుకుని ముందు గుమ్మంలోంచే నడిపించుకొచ్చి, తలెత్తి చూసింది.

"ఏవండీ, ఈ కుడిపక్క చివరిదేనా మీ గది? ఇంత పెద్ద కిటికీ పెట్టుకుని చీకటి, చీకటని ఏడ్చారేంటండీ!"

"కిటికీయా? సరిగ్గా చూశావా?"

"కళ్ళెదురుగా ఉంటేనూ! ఆకుపచ్చ రెక్కలు, అద్దాలు..."

నోరుంటే అరిచేదాన్ని. తల్లీ, నన్ను నమ్మకు, దగ్గరికొచ్చి గోకి చూడు అని.

"అయితే బీరువాల వెనక ఉండుంటుందే," అన్నాడు భావనారాయణ. "నేనే వెతుక్కోలేదు. చేజేతులా కళ్ళు పోగొట్టుకున్నాను. పైగా ఆ పెద్దమనిషిని అబద్ధాలకోరని రెండేళ్ళు తిట్టుకున్నాను."

చెప్పులు విడిచాడు. సీతాయమ్మ చేత నావైపు తిప్పించుకుని, "తప్పయిపోయింది," అంటూ రెండు లెంపలూ వేసుకున్నాడు.

ఆ దెబ్బలు నాకు తగలాల్సినవి, బాబూ.