కోళ్ల కోడలు

ఆదివారం పొద్దున చిన్నకోడలు అంట్లు తోముతుండగా, కోళ్లఫారం నడిపే బావగారు కోళ్ల రక్తం నింపిన ఇరవై గొట్టాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు. పాలగిన్నె పక్కకు జరిపి చోటిచ్చింది అత్తగారే. కోళ్ల జబ్బుల ల్యాబులో పదకొండేళ్లుగా పనిచేస్తున్న కోడల్ని, స్నానం చేస్తేగాని వంటింటి గడప తొక్కనివ్వని అత్తగారు! పెద్దకొడుకు తెచ్చింది మాత్రం నెత్తురు కాదు కాబోలు. 'కోళ్ల కోడలు' అని చుట్టాల్లో ఆమెకు పేరు పెట్టింది కూడా ఆవిడే.

బావగారికి ఆమెతో నేరుగా మాట్లాడే అలవాటు లేదు. తమ్ముడితో అన్నారు: "మీ ఆవిడకి చెప్పరా. గురువారం ఆరువేల కోళ్లు అమ్ముతున్నా. టీకా బాగా పట్టిందని కొనేవాడికి కాగితం కావాలట."

"రోజూ చేసే పనేగా, రాసిచ్చెయ్," అన్నాడు భర్త పేపరు దించకుండా.

కోళ్లకు ఊపిరాడకుండా చేసే వైరస్ జబ్బుకు వేసే టీకా అది. టీకా పట్టిన కోడి నెత్తురులో యాంటీబాడీలు పుడతాయి. అవి ఎన్ని ఉన్నాయో కొలవడమే ఆమె ఉద్యోగం. సోమవారం కొలిచింది. ఇరవై గొట్టాలకూ ఒకటే అంకె. నమ్మలేక మళ్లీ చేసింది. మళ్లీ అదే. ఇరవై కోళ్లు ఒకే అంకె చెప్పడమంటే, ఇరవైమంది తోడికోడళ్లు కూరలో ఉప్పు సరిపోయిందని ఒప్పుకున్నట్టే. నవ్వు ఆపుకోలేక మాస్కు పైకి లాక్కుంది.

సాయంత్రం కాగితం కోసం వచ్చిన బావగారిని సూటిగానే అడిగింది. "ఇవి ఎన్ని కోళ్లవండీ?"

ఆయన తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు గోడ వైపు చూశాడు.

"ఒకటే," అన్నారు చివరికి, తమ్ముడితోనే. "తలుపు దగ్గర దొరికింది. కోళ్లని పట్టుకోవడమంటే మాటలా?"

"కాస్త సర్దుకుని రాసెయ్యకూడదూ? ఎవరు చూస్తారు?" అన్నాడు భర్త.

కాస్త సర్దుకో. పెళ్లైన కొత్తలో మంచం ఇరుకైతే అదే మాట. పురిటి నొప్పులొస్తుంటే, చుట్టాల భోజనాలయ్యేదాకా కాస్త సర్దుకో. ప్రమోషన్ వస్తే, పిల్ల చదువు గట్టెక్కేదాకా కాస్త సర్దుకో. సర్దీ సర్దీ ఆమె ఈ ఇంట్లో మడతపెట్టిన దుప్పటంత అయింది. కానీ ఇప్పుడు సర్దుకోవాల్సింది తను కాదు, తన అంకె. అంకెకు ఆ అలవాటు లేదు.

"రేపు ల్యాబు బండిలో నేనే వస్తాను. మీ మూడు షెడ్లలోనూ నేను చూపించిన కోడినల్లా మీరు పట్టుకోవాలి," అంది.

మర్నాడు బావగారు పట్టుకున్నారు. ముప్పై కోళ్లు. మీసంలో ఈక, చొక్కా మీద రెట్ట, కాళ్లకు గోళ్ల గీతలు. ఆమె రెక్క కింద సూది గుచ్చి నెత్తురు తీస్తూ, "గట్టిగా కాదండీ, దానికీ నొప్పుంటుంది," అంది.

బుధవారం సాయంత్రం ఇంట్లో అందరి ముందూ ఫలితం చదివింది. మొదటి షెడ్డులో టీకా పట్టింది. మిగతా రెండిట్లో పట్టనేలేదు.

"అన్నిటికీ నా చేతులతో వేశాను!" అని లేచారు బావగారు.

"టీకా సీసాలు ఎక్కడుంచారు?" అడిగింది కోడలు.

"జీపులో," అన్నారు తమ్ముడి వైపు తిరిగి.

"ఎండలోనా?"

"మొదటి షెడ్డు అయ్యాక భోజనానికెళ్లాం. ఓ మూడు గంటలు."

అత్తగారు నోరు నొక్కుకుంది. "పాలే విరిగిపోతాయి కదరా, సన్నాసీ!"

కోడలికి ఫక్కున నవ్వొచ్చింది. అత్తగారికీ వచ్చింది. ఈ ఇంట్లో వాళ్లిద్దరూ ఒకే దానికి నవ్వడం అదే మొదలు.

"ఇంటి కోడలివై ఉండి బేరం చెడగొడతావా?" మొట్టమొదటిసారి బావగారు నేరుగా ఆమెతోనే అన్నారు.

"మీ కోళ్లని నమ్మి తీసుకెళ్లేవాడి షెడ్డులో జబ్బొస్తే, వాడు అడిగేది ఈ ఇంటి కోడల్ని కాదండీ. కింద సంతకం పెట్టినదాన్ని. మళ్లీ టీకా వేయండి. మూడు వారాలాగి నేనే వచ్చి చూస్తాను."

బావగారు చెప్పుల్లో కాళ్లు దూర్చి విసవిసా వెళ్లిపోయారు. భర్త గుమ్మంలో నిలబడి గొణిగాడు. "అన్నయ్య అలిగాడు. ఇప్పుడెవరు వెళ్లి బతిమాలతారు?"

ఇన్నేళ్లూ ఈ ఇంట్లో ఎవరలిగినా ఆ గుమ్మం దిగి వెళ్లింది ఆమే.

"మీ అన్నయ్యే కదా," అంది, ముందుగా తన కంచంలో వడ్డించుకుంటూ. "అన్నం చల్లారకముందే వెళ్లిరండి."