మూలన కొత్త ప్లగ్గు

తునికాకు మూతి మడిచి దారం చుట్టబోతుండగా ఫోను టింగుమంది. వనిత చెయ్యి ఆగలేదు. దారం తిప్పి, తెంపి, బీడీని చాటలోకి జారవిడిచాక గాని అటు చూడలేదు. చేతిలోది ముగిశాకే ఎవరికైనా పలకడం రాయికల్‌లో తల్లి పక్కన కూర్చున్ననాటి అలవాటు. పదో తరగతి పరీక్షల ముందు బడి ఆగిపోయింది గాని చాట ఆగలేదు. పెళ్లయి కోరుట్లకు వస్తే వెంట వచ్చి ఒళ్లో కూర్చుంది. అఖిల పుట్టాక ఆ ఒడి సగం బిడ్డకు, సగం చాటకు.

తంబాకు పట్టి బొటనవేలి అంచు బెల్లం రంగు తేలింది. కొంగుకు తుడిచి, తడిచేసి, మళ్లీ తుడిచి రుద్దితే గాని ఫోను తెరుచుకోలేదు. ఇంగ్లీషులో మెయిలు. పెదవులు కదుపుతూ కూడబలుక్కుంది. రెండు తలుపుల ఫ్రిజ్. మీ ఆర్డరు ఖాయమైంది. డబ్బు ఈ రాత్రికి ఖాతాలోంచి తీసుకుంటాం. మీరు కొనకపోతే రద్దు చేసుకోండి. కింద ఎర్రటి మీట.

మెయిలును మళ్లీ మొదటి నుంచి కూడబలుక్కుంది. ఖాతాలో ఉన్నది భర్త శేఖర్ దుబాయిలో నిచ్చెనలెక్కి వైర్లు లాగిన కష్టం. సెలవు అయిపోయి అతను ఈ సాయంత్రమే మళ్లీ పోతున్నాడు.

చాట దించి గోడ పక్కకు వెళ్లింది. అవతలి అరుగు మీద పక్కింటి సారక్క ఆకు కత్తిరిస్తోంది. విషయం చెప్తే కత్తెర ఆపకుండానే వింది.

"ఒత్తాల్నా అత్తా, ఒద్దా?"

"నాకేమెరుకనే పిల్లా. మల్యాలల ఒకామె ఒత్తితె పైసలు పోయినయన్నరు. ఇంకొకామె ఒత్తకుంటె పోయినయన్నరు. అయి పొయ్యేటియే ఉన్నట్టున్నయ్."

"ఆయన్ను అడగనా మరి?"

అప్పుడు ఆగింది కత్తెర. "పయనం పొద్దు మొగోని చెవుల గా పాడుమాట ఏస్తవా? విమానమెక్కి కూసున్నా అదే మతికస్తది. ఊకో." వెంటనే నవ్వింది. "అయినా నీ మొగడే సప్పుడు జెయ్యక తెప్పిస్తున్నడేమో! దుబాయోళ్లకు గసొంటి షోకులుంటయి."

ఆ మాట వనితను పట్టుకుంది. ఆ మెయిలు శేఖర్ ఫోనుకు కూడా వస్తుంది. ఫోను కొనిచ్చిననాడు ఇద్దరికీ ఒకటే మెయిలు ఖాతా పెట్టాడు. 'ఒక్క ఇంటికి రెండు దర్వాజలెందుకే' అన్నాడు. అతనే కొన్నాడా? కొంటే చెప్పడా?

లోపలికి వచ్చేసరికి శేఖర్ వంటింటి మూలన వంగి ఉన్నాడు. తునికాకు మూటల వెనక గోడను జానతో కొలుస్తున్నాడు. ఆమెను చూసి చప్పున లేచాడు. చేతులు దులుపుకున్నాడు, దులపడానికి వాటికేమీ అంటకపోయినా.

"ఏంది?"

"ఏం లేదు. గోడకు సెమ్మచ్చిందా అని సూస్తున్న."

వనిత చూపు ఆ మూలకే పోయింది. అతనేనా! కిందటి ఎండాకాలం అఖిల చల్లటి నీళ్ల కోసం ఏడుస్తుంటే వీడియోలో చూసి ముఖం తిప్పుకున్నాడు. అది మనసులో పెట్టుకున్నాడు కాబోలు. కాకపోతే? జాన పెట్టిన ప్రతివాడూ ఫ్రిజ్ కొన్నట్టేనా?

పొద్దెక్కేకొద్దీ ఆమె ఒకచోట నిలవలేదు. పచ్చడి సీసా మూతకు గుడ్డ కట్టి, విప్పి, మళ్లీ కట్టింది. ఎర్ర మీట దాకా వేలు తీసుకెళ్లి వెనక్కి లాక్కుంది. అతను మురిపెంగా తెప్పిస్తున్నదాన్ని తన చేత్తో వద్దని ఎట్లా అనడం? చివరికి ఆకు మూటలు ఈడ్చి మంచం కింద వేసి, ఆ మూలను ఊడ్చి, నీళ్లు కొట్టి కడిగింది. చూశాడంటే తనంతట తనే చెప్తాడని ఆశ.

శేఖర్ చూశాడు. చెప్పులు తొడుక్కుని బజారుకు పోయి చిన్న సంచితో వచ్చాడు. సర్దిన పెట్టెలోంచి తన స్క్రూడ్రైవరు మళ్లీ బయటికి తీసి, ఆ మూలన గోడకు కొత్త ప్లగ్గు బిగించాడు. స్విచ్చి వేయగానే దాని మీద చిన్న ఎర్రలైటు వెలిగింది.

"బాపూ, గిదేంది?" అఖిల లైటు మీద వేలు పెట్టింది. ఆ పిల్ల తండ్రిని ఫోను బయట చూడడం ఈ సెలవులోనే మొదలు. వచ్చిన కొత్తల్లో అతను ఎదురుగా కూర్చుని పిలిస్తే, పరుగెత్తి పోయి ఫోను తెచ్చుకునేది.

"మీ అవ్వనడుగు బిడ్డా," అన్నాడు శేఖర్, వనిత వైపు ఓరగా చూసి.

బస్టాండులో పెట్టె మీద కూర్చున్నారు. హైదరాబాదు బస్సు ఇంకా రాలేదు. పొద్దు వాలుతోంది. రాత్రి అంటే ఎప్పటి నుంచి రాత్రి? వనిత నాలుక మీద సారక్క అన్న 'ఊకో' తాళంలా పడి ఉంది. చివరికి అదే విడిపోయింది.

"ఫ్రిజ్జు ఎప్పుడస్తది?"

"నన్నడుగుతవేందే? తెప్పిచ్చుకున్నది నువ్వు గదా."

"నేనా!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మరి జానతోటి కొలిసింది ఎందుకు?"

"నువ్వు కొన్నది గా మూలకు పడుతదా లేదా అని. నాకు సెప్పకుంట ఎందుకు తెప్పిచ్చిందా అని పొద్దట్నుంచి ఒకటే రంది. మల్ల నువ్వే మూల ఖాళీ చేస్తివి."

"నువ్వు కొలిసినవనే చేసిన. నువ్వు ప్లగ్గు పెడితివి."

"నువ్వు కడిగినవనే పెట్టిన." శేఖర్ ఫోను తీశాడు. ఖాతా చూశాడు. డబ్బు ఉన్నట్టే ఉంది. మెయిలు తెరిచి ఆ ఎర్ర మీటను చాలాసేపు చూశాడు. "గిదే దొంగది. మా క్యాంపుల ఒకడు గిట్లనే ఒత్తి బ్యాంకు నంబర్లన్ని ఇచ్చిండు, ఊడ్సుకపోయిండ్రు. నేన్గూడ వద్దని ఒత్తుదామనే అనుకున్న పొద్దున."

"ఎందుకొత్తలే?"

అతను బస్సులు వచ్చే దారి వైపు చూశాడు. "నీకు గావల్ననుకుంటున్నవని."

వనిత తనూ అందుకే ఒత్తలేదని చెప్పేలోపు బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. పెట్టె ఎక్కించాడు. అఖిల చెంపలు గట్టిగా రుద్దాడు. కిటికీలోంచి ఏదో అన్నాడు గాని హారనులో కలిసిపోయింది. బస్సు జగిత్యాల రోడ్డెక్కి కనుమరుగైంది.

"అవ్వా, బాపు మల్ల ఫోన్లకు పోయిండా?"

"ఆఁ."

ఇంటికి వచ్చి ఫోను తెరిచింది. మెయిలు లేదు. అతను అక్కడ చెరిపితే ఇక్కడా చెరిగిపోయింది. బిడ్డను పడుకోబెట్టి, చాట ఒళ్లోకి లాక్కుని, మంచం కిందికి వంగి ఆకు మూట పట్టుకుంది. దాన్ని మళ్లీ ఆ మూలకే ఈడ్చాలి. చేతులు రాలేదు. కడిగిన నేల ఇంకా పూర్తిగా ఆరలేదు. దాని పైన, ఏ వైరూ దూరని ప్లగ్గు మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.