సోమవారం ఒక్కపొద్దు

నా కోడలు తిప్పమ్మకు ఎనిమిదో నెల. చక్కెర జబ్బు ఉందేమో చూడాలి, మంగళవారం పరగడుపున రమ్మన్నారు రాయదుర్గం ఆస్పత్రిలో. సోమవారం రాత్రి మాత్రం కడుపునిండా తినమన్నారు. ఆ రెండో మాట నేను చెవిన పెట్టలేదు. సోమవారం మా ఇంట్లో ఒక్కపొద్దు. మధ్యాహ్నం ఒక్కసారి తింటే మళ్లీ మరునాడే. ఎట్లాగూ ఖాళీ కడుపే కావాలన్నారు కదా, పుణ్యమూ దక్కుతుంది, పరీక్షా బాగా వస్తుందనుకున్నాను. లోకంలోని తెలివంతా నా దగ్గరే ఉందనుకునే రోజులవి.

పొద్దు గుంకే వేళ తిప్పమ్మ అడిగింది.

"అత్తా, కడుపు కాలుతాండాది. రెండు ముద్దలు తింటా."

"యాభై ఏండ్ల ముసల్దాన్ని నేనుండ్లేదా? ఇరవై ఏండ్లదానివి, నీకేమొచ్చిందే?"

మళ్లీ అడగలేదు పాపం.

మరునాడు గుమ్మఘట్ట బస్సు ఆలస్యమైంది. ఆస్పత్రి చేరేసరికి పదకొండు. వరుసలో తిప్పమ్మ నా భుజం పట్టుకుంది. నాటకాలనుకుని చెయ్యి విదిలించాను. అట్లాగే నేలకు ఒరిగిపోయింది.

లేడీ డాక్టరు పరుగెత్తుకొచ్చి రక్తం తీసి, గ్లూకోజు ఎక్కించింది. సన్న పైపు పెట్టి మూత్రం తీయించి, గాజు గొట్టంలో పోసి ఏవో మందులు కలిపింది. నేరేడు పండు రంగు తేలింది. డాక్టరు నా వైపు తిరిగింది.

"ఎన్ని దినాలైందమ్మా ఈ పిల్లకు కూడు పెట్టి?"

నాకు ఒళ్లు మండింది. "నిన్న మధ్యాన్నం తిన్న్యాది! నేనూ దాంతోపాటే పస్తుండా. కావాలంటే నాదీ చూడు!"

చూసింది. నా గొట్టంలో రంగే రాలేదు. నమ్మలేక రెండింటినీ కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూశాను. తిన్నది ఒకే తిండి, ఉన్నది ఒకే పస్తు.

"నీకు రెండు మూడు దినాల పస్తుతో వచ్చే రంగు, కడుపుతో ఉండేదానికి ఒక్క దినానికే వస్తాదమ్మా," అంది డాక్టరు. "తల్లి రక్తంలో చక్కెరను బిడ్డ లాక్కుంటానే ఉంటాది. తిండి పడకుంటే తల్లి ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటాది. ఆ కరిగిందే మూత్రంలో ఈ రంగు."

"బిడ్డ?" అన్నాను.

డాక్టరు తిప్పమ్మ కడుపు మీద గుండె చప్పుడు వినే గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. "గుండె బాగా కొట్టుకుంటాండాది" అంది. నేను బెంచీ మీద కూలబడ్డాను. తిప్పమ్మ కూడా కళ్లు తెరిచింది.

సంతోషపడాల్సిన ఆ నిమిషంలోనే నాకు ఇంకొకటి తట్టింది. నావి ఐదు కాన్పులు. ఏ కాన్పులోనూ ఒక్క సోమవారం వదల్లేదు. ఇద్దరు కడుపులోనే పోయారు. శివుడే తీసుకున్నాడని, ఆయనకే ఇంకా గట్టిగా ఒక్కపొద్దులున్నాను.

"తల్లీ, కడుపుతో ఉన్నప్పుడు నేనూ పస్తులుంటి. నా ఇద్దరు బిడ్డలూ దానివల్లనేనా కడుపులోనే పోయింది?"

"అది నేను చెప్పలేనమ్మా. ఎన్నో కారణాలుంటాయి" అంది డాక్టరు.

కాదని మాత్రం అనలేదు.