స్ప్లిట్ నుంచి జాగ్రెబ్‌కి పాతదారిన

సముద్రతీరాన స్ప్లిట్ ఊళ్లో, రేవు పక్కన బస్టాండులో షీమె బస్సెక్కి మొదటి వరసలో కూర్చున్నాడు. నడపబోయేది ఆయన కూతురు మిరేలా. జాగ్రెబ్ బస్సు మీద ఆమెకిదే మొదటి రోజు. ఆ బస్సు నడుపుతూనే షీమె జుట్టు నెరిసింది. హైవే లేని ఆ కాలంలో కొండల మీదుగా పోతే పగలంతా పట్టేది. ఇప్పుడు ఐదు గంటల ప్రయాణం.

బయల్దేరబోతుండగా కబురొచ్చింది. కొండల మీంచి బూర అనే చలికాలపు పెనుగాలి విరుచుకుపడుతోందట. హైవే మీదికి బస్సుల్ని రానివ్వడం లేదట.

"సాయంత్రం మా చెల్లి పెళ్లమ్మా! గాలికి భయపడితే ఎలా? పోనియ్యి!" అన్నాడు యేరె అనే బట్టతలాయన.

"బస్సు బోల్తాపడితే పెళ్లికెలా వెళ్తావు బాబాయ్?" అంది మిరేలా. "పాతదారిన పోదాం. ఆలస్యమవుతుంది. దిగేవాళ్లుంటే ఇప్పుడే దిగండి."

ఎవరూ దిగలేదు. షీమె మాత్రం సీటు అంచుకి జరిగాడు. ఆ మలుపులు తనకి తెలుసు, పిల్లకేం తెలుసు?

గ్రాచత్స్ ఊరు దాటాక మంచు మొదలైంది. ఎత్తు ఎక్కుతుంటే ఒక లారీ జారి, రోడ్డుకి అడ్డం తిరిగి ఉంది. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. షీమె ఆగలేక లేచాడు.

"లే, నేను వెనక్కి తీస్తాను."

"నాన్నా, కూర్చో. టికెట్ కొన్నావు, ప్రయాణికుడివి."

బస్సంతా గొల్లున నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, కూర్చున్నాడు.

మిరేలా యేరెని కిందికి దింపి, వెనక నిలబడి సైగలు చెయ్యమంది. బస్సుని అంగుళం అంగుళం వెనక్కి నడిపి, మలుపు తిప్పి, కింద విశాలమైన చోట ఆపింది. తనే మోకాళ్ల మీద కూర్చుని చక్రాలకి, మంచులో జారకుండా, గొలుసులు బిగించింది.

"ఈ దారి ఎప్పుడు నేర్చుకున్నావే?" అన్నాడు షీమె మెల్లిగా.

"పోయిన చలికాలమంతా, సెలవు దొరికినప్పుడల్లా నా కారులో వచ్చా. చెబితే పక్కనెక్కి సతాయిస్తావని చెప్పలేదు."

క్రేను వచ్చి లారీని పక్కకి లాగాక బస్సు కదిలింది. ఈలోగా వెనక వచ్చి ఆగిన కార్లన్నీ ఆమె చక్రాల జాడలోనే వరసగా కొండెక్కాయి. షీమె వెనక్కి తిరిగి ఆ దీపాల బారు చూశాడు. కళ్లు చెమర్చాయి.

జాగ్రెబ్ చేరేసరికి చీకటి పడింది. చర్చిలో తంతు అయిపోయింది గానీ విందుకి అందుకుంటానని యేరె ఆమె రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని పరుగెత్తాడు.

బస్టాండులో పాత స్నేహితుడొకడు షీమెని పట్టుకున్నాడు. "ఏరా, ఇంత ఆలస్యమా? నీ హయాంలో ఎప్పుడన్నా అయిందా?"

"నా హయాంలోనా? ఆ మంచులో అంత బస్సుని నేనైతే వెనక్కి తీయలేకపోయేవాణ్ణిరా," అన్నాడు షీమె, నలుగురికీ వినబడేటట్టు. "అదిగో, గొలుసులు విప్పుతోందే, నా కూతురు. మిరేలా."